ఊరేగింపు జీపులో పొగ

మా పిన్నిగారి అబ్బాయి పెళ్ళి ఊరేగింపు రాత్రి తొమ్మిదింటికి బయలుదేరింది. బంతిపూల దండలు కట్టిన జీపులో వధూవరులు కూర్చున్నారు. వెనక సీటు కింద ఆంప్లిఫయరు, సీటు మీద రెండు స్పీకర్లు. బజారు వీధి మలుపు తిరిగేసరికి పాట టక్కున ఆగిపోయింది. పాటలు వేసే కుర్రవాడు బానెట్ ఎత్తి చూస్తే, బ్యాటరీ దగ్గర ఉన్న ఫ్యూజు పోయింది. కొత్తది వేశాడు. రామాలయం దాకా వచ్చేసరికి, సరిగ్గా డప్పుల మోత అందుకున్న చోట, అదీ పోయింది. ఇంకో ఫ్యూజు లేదు. ఎవరో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం అందించారు. దాన్ని పోయిన ఫ్యూజుకు చుట్టి బిగించాడు. పాట మళ్ళీ మోగింది.

"ఇంకా గట్టిగా పెట్టు!" అన్నారు వెనక ఆడుతున్నవాళ్ళు. కుర్రవాడు స్క్రూ డ్రైవరు తీసి, ఆంప్లిఫయరు మీద ఉన్న చిన్న నాబ్‌ను చివరిదాకా తిప్పేశాడు. పాట కాస్త గట్టిగానూ, బాగా గరగరగానూ వచ్చింది. పది నిమిషాలకు ఒక స్పీకరు మూగబోయింది. మరో అయిదు నిమిషాలకు పెళ్ళికూతురు వెనక్కి తిరిగి, "ఏదో కాలుతున్న వాసన" అంది. సీటు కింద నుంచి పొగ!

డ్రైవరు పాతకాలపు మనిషి. ఒక్క ఉదుటున దిగి, చేతికి తువ్వాలు చుట్టుకుని, బ్యాటరీ మీది వైరును ఊడబీకాడు. కొత్త దంపతులు మిగతా దారి నడిచి వెళ్ళారు. ఎవరికీ ఏమీ కాలేదు. అయితే జీపు పెట్రోలుది. ట్యాంకు ఎంత దూరంలో ఉందో తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

మర్నాడు అందరూ ఒకే మాట అన్నారు: "చిన్న ఫ్యూజు వేయడం వల్లే ఇదంతా జరిగింది. పెద్దది వేసి ఉంటే అసలు పోయేదే కాదు." మీరేమంటారు? నేను సీటు కింద చూసినవి చెబుతాను. తర్వాత మీరే తీర్పు చెప్పండి.

పోయిన ఫ్యూజు పసుపు రంగుది, 20 ఆంపియర్లది. బ్యాటరీ నుంచి ఆంప్లిఫయరుకు వేసిన వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఇళ్ళలో ప్లగ్గు పాయింట్లకు వేసేది అదే. పొడవు అయిదు మీటర్లు. అంత పొడవు అక్కరలేదు కాబట్టి, మిగిలిన రెండు మీటర్లను చుట్టగా చుట్టి, గోనెపట్టా కింద దోపారు. కరిగి, నల్లబడి, పట్టాను కాల్చింది ఆ చుట్టే. ఆంప్లిఫయరు మాత్రం నిక్షేపంగా ఉంది!

12 వోల్టులే కదా!

కారు బ్యాటరీ 12 వోల్టులదే. పొడి చేత్తో ముట్టుకుంటే షాకు కొట్టదు. అందుకే దాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఎనిమిది టార్చి సెల్లులు వరసగా కలిపినా 12 వోల్టులు వస్తాయి. కాని వాటితో జీపును స్టార్టు చేయగలరా? లేరు. స్టార్టరు మోటారుకు వంద ఆంపియర్లకు పైగా కరెంటు కావాలి. టార్చి సెల్లుల అంతర్నిరోధం అంత కరెంటును రానివ్వదు. కారు బ్యాటరీ అంతర్నిరోధం ఒక ఓములో నూరోవంతు మాత్రమే ఉంటుంది. ఒక్కోసారి అంతకన్నా తక్కువే. ఓమ్ నియమం మీకు తెలుసు కదా, 12ను 0.01తో భాగించి చూడండి. బ్యాటరీ రెండు కొనలను పొరపాటున రెంచితో కలిపితే వెయ్యి ఆంపియర్లు పారగలవు! మెకానిక్కులు బ్యాటరీ పని చేసేటప్పుడు ఉంగరాలు, లోహపు గడియారం గొలుసులు తీసేయడం ఇందుకే.

ఇంకో సంగతి. కారులో బ్యాటరీ రుణ ధ్రువాన్ని ఇనుప బాడీకే కలుపుతారు. అంటే బండి శరీరమంతా ఒక వైరే అన్నమాట. ధన ధ్రువం నుంచి వచ్చే వైరు తొడుగు ఎక్కడ చిరిగి బాడీకి తగిలినా అక్కడే షార్ట్ సర్క్యూట్. ఇంజను గదికీ లోపలి గదికీ మధ్య ఉన్న రేకులో చిల్లు గుండా ఆ వైరు రావాలి. చిల్లు అంచు కత్తిలా ఉంటుంది. బండి అదిరినప్పుడల్లా అంచు వైరును కొరుకుతూ ఉంటుంది. అందుకే ఆ చిల్లుకు రబ్బరు వాషరు తొడగాలి.

ఫ్యూజు ఎవరికి కాపలా?

తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1841లో జౌల్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు, మూడింతలయితే తొమ్మిది రెట్లు. ఫ్యూజుకు ప్రాణం ఈ సూత్రమే. దారిలో ఒకచోట కావాలని బలహీనమైన ముక్క పెడతాం. కరెంటు మితిమీరితే మిగతా దారి కన్నా ముందు అదే కరిగి, దారి తెగిపోతుంది. టెలిగ్రాఫు ఆఫీసులను పిడుగుల బారి నుంచి కాపాడడానికి సన్నని తీగ ముక్క వాడవచ్చని ఫ్రాన్సుకు చెందిన బ్రెగే 1847లోనే సూచించాడు. ఇళ్ళలో వాడుకకు పనికొచ్చే బల్బు కన్నా ఫ్యూజు ఆలోచనే ముందు పుట్టిందన్నమాట!

ఇప్పుడొక ప్రశ్న. ఆంప్లిఫయరు వెనక కూడా ఒక ఫ్యూజు ఉంటుంది. కంపెనీవాళ్ళే పెట్టి ఇస్తారు. అది ఉండగా బ్యాటరీ దగ్గర మరొకటి ఎందుకు?

బొమ్మ వేసి చూడండి. బ్యాటరీ, అయిదు మీటర్ల వైరు, చివర ఆంప్లిఫయరు. వైరు మధ్యలో బాడీకి తగిలిందనుకోండి. కరెంటు బ్యాటరీ నుంచి ఆ చోటికి వచ్చి, బాడీ గుండా వెనక్కి పోతుంది. ఆంప్లిఫయరు దాకా వెళ్ళదు. దాని వెనక ఉన్న ఫ్యూజుకు ఈ సంగతే తెలియదు! కాబట్టి బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ఆంప్లిఫయరుకు కాపలా కాదు, వైరుకు కాపలా. అది బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మూర దూరం దాటనివ్వకూడదు. ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న ముక్కకు కాపలా ఎవరూ లేరు.

ఈ ఒక్క విషయం మనసుకు పట్టిందంటే ఫ్యూజు ఎంపికలో చిక్కేమీ ఉండదు. ఆంప్లిఫయరుకు కావలసిన కరెంటు కన్నా ఫ్యూజు తక్కువది కాకూడదు, వైరు భరించగలిగిన కరెంటు కన్నా ఎక్కువది కాకూడదు. ఈ రెంటికీ మధ్య ఖాళీ లేకపోతే మార్చవలసింది వైరును. ఫ్యూజును కాదు.

మన జీపు లెక్క చూద్దాం. ఆంప్లిఫయరు రెండు స్పీకర్లకు చెరో 100 వాట్లు ఇస్తుంది. మొత్తం 200. అది పాతరకం సర్క్యూటు; తీసుకున్న విద్యుత్తులో సుమారు సగమే స్పీకర్లకు చేరుతుంది, మిగతా సగం వేడి అవుతుంది. వెనక రెక్కలు రెక్కలుగా అల్యూమినియం దిమ్మ ఉండేది ఆ వేడిని గాలికి వదలడానికే. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న 'డి' తరగతి ఆంప్లిఫయర్లు నూటికి ఎనభై వంతులకు పైగా స్పీకర్లకు పంపగలవు. మనది పాతది కాబట్టి 200 వాట్లు ఇవ్వడానికి 400 వాట్లు తీసుకుంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 13.8 వోల్టులు ఉంటాయి. 400ను 13.8తో భాగిస్తే 29 ఆంపియర్లు.

పాట అన్ని క్షణాల్లోనూ ఒకే గట్టిగా ఉండదు. గొంతు, మౌనం, తాళం, మళ్ళీ మౌనం. అందుకే 20 ఆంపియర్ల ఫ్యూజు కూడా బజారు మలుపు దాకా ఆగగలిగింది. ఫ్యూజు మీద రాసిన అంకె దాటగానే అది ఠక్కున తెగిపోదు. కారులో వాడే రెక్కల ఫ్యూజు తన అంకెకు పదోవంతు ఎక్కువ కరెంటును గంటల తరబడి మోయగలదు. 35 శాతం ఎక్కువైతే పది నిమిషాల లోపు తెగుతుంది. రెట్టింపయితే కొద్ది సెకన్లలో. డప్పుల మోత ఆగకుండా సాగినప్పుడు అది తెగిందంటే తన పని తాను చేసిందన్నమాట.

ఇక వైరు. అయిదు మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం 0.0344 ఓములు. రాగి విశిష్ట నిరోధంతో మీరే లెక్కకట్టవచ్చు. ఇంత చిన్న సంఖ్యకు భయమెందుకు అంటారా? 29 ఆంపియర్లు పారితే ఈ వైరులోనే ఒక వోల్టు పోతుంది. పుట్టే వేడి 29 × 29 × 0.0344, అంటే దాదాపు 29 వాట్లు. రేడియో మెకానిక్కు దగ్గర ఉండే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. సీసం కరిగించడానికి అది చాలు! వైరు పొడుగ్గా, గాలి తగులుతూ ఉంటే ఈ వేడి ఎప్పటికప్పుడు పోతుంది. చుట్టచుట్టి గోనెపట్టా కప్పితే ఎక్కడికి పోతుంది?

అదే 10 చదరపు మిల్లీమీటర్ల వైరు అయితే నిరోధం నాలుగోవంతు, వేడి ఏడు వాట్లే. దానికి 40 ఆంపియర్ల ఫ్యూజు నిశ్చింతగా వేయవచ్చు. జీపుకు కావలసింది అదీ. అన్నట్టు, వైరు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చవగ్గా దొరికే కొన్ని వైర్లలో తీగ పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అది రాగిపూత వేసిన అల్యూమినియం. అదే లావు రాగి తీగతో పోలిస్తే దాని నిరోధం ఒకటిన్నర రెట్లు.

కాబట్టి ఆ రాత్రి చిన్నది ఫ్యూజు కాదు, వైరు. ఆ వైరుకు 20 ఆంపియర్ల ఫ్యూజు సరైనదే. నోరుంటే "ఈ వైరు సన్నం, నేను ఒప్పుకోను" అని రెండుసార్లు చెప్పింది. మనవాళ్ళు దాని నోరు వెండి కాగితంతో కట్టేశారు. తొడుగు ఇంకాస్త కరిగి, తీగ సీటు ఇనుప కాలికి తగిలి ఉంటే? బ్యాటరీ, వైరు, అతుకులు అన్నీ కలిపి నిరోధం 0.05 ఓములు అనుకుంటే 250 ఆంపియర్లు. మీటరు వైరులో 430 వాట్ల వేడి. రాగి కొద్ది సెకన్లలో పొగలు కక్కేది. డ్రైవరుకు బానెట్ ఎత్తే వ్యవధి కూడా ఉండేది కాదు.

ఇది మీరు ఇంట్లో రెండు టార్చి సెల్లులతో చూడవచ్చు. పెద్దవాళ్ళెవరినైనా పక్కన ఉండమనండి. కారు బ్యాటరీతో మాత్రం వద్దే వద్దు. పింగాణీ పళ్ళెంలో గిన్నెలు తోమే సన్నని ఇనుప పీచులోంచి తీసిన ఒకే ఒక్క పోగు ఉంచండి. రెండు సెల్లుల నుంచి వచ్చే వైర్లను దాని రెండు కొనలకు ఆనించండి. పోగు ఎర్రగా వెలిగి తెగుతుంది. అది ఫ్యూజు. ఇప్పుడు పోగు బదులు గుండుసూది పెట్టి, రెండే రెండు సెకన్లు ఆనించి తీసేయండి. సూది చెక్కుచెదరదు. ఎక్కువసేపు ఉంచితే వేడెక్కేవి సెల్లులు, వైర్లు. అది వెండి కాగితం.

నాబ్ చేసే పని, చేయని పని

స్పీకరు ఎందుకు మూగబోయిందో ఇంకా చెప్పలేదు. దానికి ఆంప్లిఫయరు లోపలికి తొంగిచూడాలి.

12 వోల్టుల బ్యాటరీని నేరుగా వాడుకుంటే స్పీకరుకు ఎంత ఇవ్వగలం? తరంగం నడిమి గీత నుంచి పైకి 6, కిందికి 6 వోల్టులే ఊగగలదు. నాలుగు ఓముల స్పీకరుకు అందేది నాలుగున్నర వాట్లు. రెండు సర్క్యూట్లను ఎదురెదురుగా పెట్టి స్పీకరును మధ్యలో కడితే ఊపు రెట్టింపయి, 18 వాట్లు అవుతుంది. కారు ముందు భాగంలో ఉండే మామూలు స్టీరియో శక్తి ఇంచుమించు ఇంతే. అట్టపెట్టె మీద ఎంత రాసినా సరే! 100 వాట్లు కావాలంటే 12 వోల్టులను ముందు పెంచాలి. అందుకే విడి ఆంప్లిఫయరులో ఏకముఖ విద్యుత్తును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతూ, చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజి పెంచే భాగం ఉంటుంది. మన ఆంప్లిఫయరులో తరంగం పైకి 28, కిందికి 28 వోల్టుల దాకా ఊగగలదు. అదే దాని ఆకాశం. దాని పైకి పోలేదు.

గెయిన్ అని రాసి ఉన్న నాబ్ ఈ ఆకాశాన్ని ఎత్తు చేయదు. లోపలికి వచ్చే చిన్న తరంగాన్ని ఎన్ని రెట్లు చేయాలో మాత్రమే చెబుతుంది. 100 వాట్లకు స్పీకరు దగ్గర 20 వోల్టులు కావాలి. స్టీరియో నుంచి 1 వోల్టు వస్తుంటే 20 రెట్లు చేయాలి. 4 వోల్టులు వస్తుంటే 5 రెట్లు చాలు. రెండింటిలోనూ చివరికి వచ్చేది ఆ 100 వాట్లే. అంటే ఇది పాట గట్టిగా పెట్టే నాబ్ కాదు, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ పొత్తు కుదిర్చే నాబ్.

2 వోల్టులు వస్తుండగా దాన్ని 40 రెట్లకు తిప్పామనుకోండి. తరంగం 80 వోల్టులకు లేవాలని చూస్తుంది. ఆకాశం అడ్డుపడుతుంది. తోటమాలి గోరింట కంచె పైభాగాన్ని సమంగా కత్తిరించినట్లు తరంగం శిఖరాలు తెగి, చదునవుతాయి. నున్నని కొండలు ఉండవలసిన చోట గోడలు లేస్తాయి. గరగరకు కారణం ఇదే.

చదునైన తరంగంలో వోల్టేజి ఎప్పుడూ 28 దగ్గరే ఉంటుంది. 28ని 28తో హెచ్చవేసి, 4తో భాగించండి. 196 వాట్లు! 100 వాట్ల ఆంప్లిఫయరు స్పీకరులోకి ఇంచుమించు 200 వాట్లు తోస్తోంది. మరి పాట రెట్టింపు గట్టిగా వినిపించిందా? లేదు. శక్తి రెట్టింపయితే శబ్దం మూడు డెసిబెళ్ళు పెరుగుతుంది. మన చెవికి అది "కొంచెం" మాత్రమే. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే శక్తి సుమారు పది రెట్లు కావాలి. చెవికి కొంచెమైనది స్పీకరు తీగచుట్టకు రెట్టింపు. సాధారణ స్పీకరు తనకు అందిన విద్యుత్తులో నూటికి ఒక వంతో, కొంచెం ఎక్కువో మాత్రమే శబ్దంగా మారుస్తుంది. మిగతాదంతా ఆ సన్నని చుట్టలో వేడే. జిగురు మెత్తబడి, పూత కాలి, తీగ తెగింది. బ్యాటరీ వైపున కరెంటు 35 ఆంపియర్లు దాటి ఉంటుంది. వైరులో వేడి 40 వాట్ల పైమాటే. చూశారా, నాబ్ తిప్పిన చేయి వైరును కూడా కాల్చింది!

లెక్కగా తిప్పడం

చెవిని నమ్ముకోనక్కరలేదు. ఒక మల్టీమీటరు చాలు. పక్కన తెలిసిన మెకానిక్కు ఉండాలి.

ముందు స్పీకరు వైర్లు ఊడదీయాలి. స్టీరియోలో బాస్, ట్రెబుల్ సున్నాకు తెచ్చి, బాస్ బూస్ట్ లాంటివన్నీ ఆపేయాలి. గెయిన్ నాబ్ పూర్తిగా వెనక్కి. తర్వాత సెకనుకు 100 కంపనాల పరీక్ష స్వరం మోగించాలి. పాట పనికిరాదు, ఎందుకంటే దాని వోల్టేజి కుదురుగా నిలబడదు. చవక మల్టీమీటర్లు ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర తప్పు చూపుతాయి కాబట్టి 100 మంచిది. స్టీరియో శబ్దాన్ని నాలుగింట మూడు వంతులు పెంచాలి. ఇక ముందు ఎవరూ అంతకన్నా పెంచకూడదు. మీటరును ఏకాంతర వోల్టేజి కొలిచే చోట పెట్టి, ఆంప్లిఫయరు స్పీకరు కొనలకు ఆనించి, నాబ్‌ను మెల్లగా తిప్పుతూ పోవాలి. ఎక్కడ ఆపాలి? వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీయండి. 100 × 4 = 400; వర్గమూలం 20. మీటరులో 20 వోల్టులు రాగానే ఆపేయాలి. నాబ్ సగం కూడా తిరగకపోవచ్చు. "ఇంకా సగం మిగిలిపోయిందే" అని బాధపడేవాళ్ళను నేను చాలామందిని చూశాను! ఆ మిగిలిన సగం బలహీనమైన స్టీరియోల కోసం. మనకు దానితో పనిలేదు; తిప్పితే పాటతోపాటు సన్నని బుస, ఇంజను ఈల కూడా పెరుగుతాయి.

అయితే ఆ 100 వాట్లు నిజమైనవి కావాలి. పెట్టె మీద 1000 వాట్లు అని రాసి, వెనక 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన ఆంప్లిఫయర్లు బజారులో ఉన్నాయి. 20ని 13.8తో గుణించండి. లోపలికి పోయేది 276 వాట్లు. 276 తీసుకున్నది 1000 ఎలా ఇస్తుంది? అది ఏ తరగతి సర్క్యూటు అయినా లెక్క కుదరదు. అందుకే కొనేముందు పెట్టెను కాకుండా ఫ్యూజును చదవాలి. ఆకుపచ్చ ఫ్యూజు 30, పసుపు 20, నీలం 15, ఎరుపు 10 ఆంపియర్లు.

ఇక ఒక లెక్క మీకు వదిలేస్తున్నాను. ఒక వ్యానులో 'డి' తరగతి ఆంప్లిఫయరు ఉంది. రెండు నాలుగు ఓముల స్పీకర్లకు చెరో 150 వాట్లు ఇస్తుంది. తీసుకున్నదానిలో నూటికి 80 వంతులు స్పీకర్లకు పంపుతుంది. బ్యాటరీ నుంచి నాలుగు మీటర్ల దూరం, చేతిలో ఉన్నది 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఎన్ని ఆంపియర్లు పారతాయి? వైరులో ఎన్ని వాట్ల వేడి పుడుతుంది? ఏ రంగు ఫ్యూజు వేస్తారు? మీటరులో ఎన్ని వోల్టులు కనిపించగానే నాబ్ తిప్పడం ఆపుతారు?